పొగ లేచిన పొయ్యి

మా విశ్వవిద్యాలయం చరిత్ర రాయమని నన్ను అడిగారు. వార్షికోత్సవానికి సావనీర్ వేస్తున్నారట. మొదటి బ్యాచ్ విద్యార్థినిని, ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్నదాన్ని, పైగా ఆ గోడ కింది ఊరి ఆడపిల్లని. ఇంతకంటే తగినవాళ్ళు ఎవరుంటారన్నారు. రెండు పేజీలు చాలు, చివర్లో ఒక పేరా స్థానిక సమాజం గురించి ఉంటే బాగుంటుందన్నారు. శంకుస్థాపన, అద్దె భవనం, కొత్త ప్రాంగణం, విభాగాలు, ప్రయోగశాలలు అన్నీ వరసగా పెట్టి రాసిచ్చాను. ఆ చివరి పేరా మాత్రం నా వల్ల కాలేదు. "స్థానికులు ఎంతగానో సహకరించారు" అని వాళ్ళే ఒక వాక్యం చేర్చి అచ్చు వేసుకున్నారు. అది చదివినప్పుడు వచ్చిన కోపం ఇంకా దిగలేదు. అప్పుడు రాయలేని పేరా ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరు అరకు సంతకి నడిచి వెళ్ళే దూరంలో, కొండ వాలు మీద ఉంటుంది. మా వైపు కొత్తగా వచ్చిన పంట ఏదైనా సరే, ముందు ఊరంతా కలిసి తినాలి, ఆ తర్వాతే ఎవరింట్లోనైనా తినాలి. దాన్ని కొత్త అంటాం. సామలకి కొత్త ఉంది, చిక్కుళ్ళకి ఉంది, కందులకి ఉంది. అన్నిటిలోకీ పెద్దది మామిడి కొత్త. అది అయ్యేదాకా చెట్టు కింద రాలిన పిందెని కూడా నోట పెట్టకూడదు. చిన్నప్పుడు మేం ఆ కాయలు ఏరుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చి, మళ్ళీ అక్కడే పడేసేవాళ్ళం. ఎవడైనా నాలిక చాపాడంటే పక్కవాడు వెళ్ళి వాళ్ళమ్మకి చెప్పేసేవాడు.

మంచిరోజు చూసి చెప్పేవాణ్ణి మేం దిసారి అంటాం. ఆయన రోజు చెప్పగానే బారిక, అంటే ఊరి కబురు మోసే మనిషి, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి పిలిచేవాడు. ఆ రోజు మామిడి తోపులో అమ్మవారి రాయి ముందు అడ్డాకుల విస్తళ్ళు పరుస్తారు. అందరం ఒకే వరసలో నేల మీద కూర్చుంటాం. మొదటి ముక్క అమ్మవారికి. రెండోది ఆ ఏడు చనిపోయినవాళ్ళకి. వాళ్ళ కోసం మా మధ్యనే, మా వరసలోనే ఆకు వేస్తారు. తర్వాత మాకు.

దీనికి ఒక కట్టుబాటు ఉంది. ఊరి హద్దు లోపల ఏ పొయ్యి మీద నుంచి పొగ లేచినా, ఆ పొయ్యి తరఫున ఒక మనిషి వచ్చి ఆ వరసలో కూర్చోవాలి. ఒక్క పొయ్యి తక్కువైనా కొత్త జరగదు, ఊరు ఆగాల్సిందే. ఏ కులం, ఏ భాష, ఏ దేవుడు అని అడగరు. ప్రార్థనకి వెళ్ళే కుటుంబాలు మా ఊళ్ళో చాలానే ఉన్నాయి, మా అమ్మ పుట్టింటివాళ్ళు వాళ్ళే. వాళ్ళు రాయికి మొక్కరు. వరసలో కూర్చుని, కళ్ళు మూసుకుని తమ ప్రార్థన తాము చేసుకుని అదే ముక్క తింటారు. కొత్తగా వచ్చిన పాస్టరు గారు మొదట్లో కాస్త గునిశారట. మా అయ్య వెళ్ళి, "మొక్కమనట్లేదు బాబూ, పక్కన కూకోమంటన్నాను, అంతే" అన్నాడట. మరుసటి ఏడు పాస్టరు గారు కూడా వచ్చి కూర్చున్నారు.

మా అయ్య ఊరి పెద్ద. ఆ తోపులో రాయికి పూజ చేసేదీ ఆయనే. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు, కానీ ఒకసారి ఒక మాట అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా ఎరగడు. ఆ మొండితనం కొంచెం నాకూ వచ్చిందని మా అమ్మ దెప్పుతూ ఉంటుంది.

రోడ్డు మీద టీ కొట్టు పెట్టుకున్న ఆయన సంగతి చెప్పాలి. పార్వతీపురం నుంచి వచ్చాడు. కొట్టు వెనకాలే కాపురం, అక్కడే పొయ్యి. వచ్చిన ఏడాదే మామిడి కొత్త సమయానికి కూతురి పురుడని కొట్టు మూసి ఊరెళ్ళాడు. ఊరు ఊరంతా ఆయన కోసం ఆగింది. పిల్లలు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. తిరిగొచ్చి బస్సు దిగేసరికి బారిక ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని తోపుకి లాక్కొచ్చాడు. "నా ఒక్కడి కోసం ఆగీసినారేటి?" అని ఆయన విస్తరి ముందు కూర్చుని ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఊరందరికీ ఆయన బావ. పిల్లలకి కూడా టీ కొట్టు బావే.

నేను అరకులో ఇంటర్ చదువుతున్నప్పుడు మా మెట్టల మీదికి సర్వే వాళ్ళు వచ్చారు. వలిసె చేలలో ఎర్ర జెండాలు పాతారు. కొండల పిల్లల కోసం విశ్వవిద్యాలయం వస్తుందట, దానికి మా గడ్డి మెట్టా, జీడి తోటలూ, పోడు భూములూ కావాలట. ఊళ్ళో సభ పెట్టారు. రోడ్డు వేస్తామన్నారు, ఉద్యోగాలన్నారు, ఆసుపత్రి అన్నారు. మా చిన్నాన్న ఒక్కడే లేచి, "ఆల్లొచ్చీసి సుట్టూ గోడ కట్టీసుకుంతే మనం ఏటి సేత్తాం?" అని అడిగాడు.

మా అయ్య కూర్చున్న చోటు నుంచే నవ్వుతూ జవాబిచ్చాడు. "గోడ కట్టుకుంతే కట్టుకోనీరా. లోపల వొండుకోరేటి? పొయ్యి ఎలిగించరేటి? పొగ లేత్తే ఆల్లూ మనూరోల్లే. మనం పిలుద్దాం, ఆల్లు వత్తారు. టీ కొట్టు బావ రాలేదేటి?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే ఊరు ఒప్పేసుకుంది. ఈ మాట నగరంలో ఎవరికి చెప్పినా నమ్మరు. భూములు ఇచ్చినవాళ్ళని మాయ చేశారనుకుంటారు, లేకపోతే అమాయకులనుకుంటారు. మావాళ్ళు అమాయకులేం కాదు. సంతలో మిరియాలు తూచేటప్పుడు చూడండి, తెలుస్తుంది. వాళ్ళు చేసిన పొరపాటు వేరే ఉంది. ఒక విశ్వవిద్యాలయాన్ని ఒక పొయ్యిగా లెక్కేశారు.

సభ ముగిసేటప్పుడు పెద్ద అధికారి, "ఇంకేమైనా అడగాలా?" అన్నారు. అయ్య లేచి చేతులు కట్టుకుని, "మామిడి కొత్తకి రావాలి బాబూ" అన్నాడు. ఆయన నవ్వి, తప్పకుండా వస్తామన్నారు. ఊరందరూ విన్నారు. నాకు అయ్యని చూస్తే గర్వంగా అనిపించింది.

భవనాలు లేచేదాకా తరగతులు అరకులోనే ఒక పాత గోదాములో నడిచాయి. ఒకప్పుడు అందులో కాఫీ గింజలు నిలవ చేసేవాళ్ళు. గోడలకి ఇంకా ఆ వాసన ఉండేది. వాన పడితే పైనున్న రేకుల చప్పుడుకి మేష్టారి గొంతు వినపడేది కాదు. ఆయన పుస్తకం మూసి బల్ల మీద కూర్చునేవారు, మేమూ వానని చూస్తూ కూర్చునేవాళ్ళం. పెదబయలు నుంచి, పాడేరు నుంచి, బొర్రా అవతలి గూడేల నుంచి పిల్లలు వచ్చారు. నాలుగు రకాల తెలుగు, వాటి మధ్యలో కువి, ఒడియా. మాకు లైబ్రరీ లేదు, ల్యాబు లేదు, నాకు మాత్రం అంతకంటే మంచి రోజులు మళ్ళీ రాలేదు.

సంత రోజున అయ్య పనసకాయ భుజాన వేసుకుని వచ్చి కిటికీలోంచి తొంగి చూసేవాడు. ఒకరోజు మేష్టారు చూసి లోపలికి పిలిచారు. అయ్య చెప్పులు బయట విడిచి వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్నాడు. పాఠం మొత్తం విన్నాడు. బయటికొచ్చాక, "ఏటి చెప్పినాడో తెలీలేదు గానీ, మంచోడు, కసురుకోడు" అన్నాడు. పనసకాయ మేష్టారి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అవతల మా మెట్ట మీద భవనాలు లేస్తున్నాయి. పని చేసే కూలీలు రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు, వాళ్ళకి వండటానికి ఒక వంటమనిషి. ఆ ఏడు మామిడి కొత్తకి బారిక వెళ్ళి పిలిస్తే మేస్త్రీ ఆ వంటమనిషిని పంపాడు. బీహారతను, మాట రాదు. మా వరసలో కూర్చుని ముక్క తిని, చేతులు జోడించి వెళ్ళాడు. అయ్య ఆ రోజంతా చిన్నాన్నని ఏడిపించాడు. "సూసినావేట్రా? ఇంకా గోడే లెగలేదు, అప్పుడే ఒకడొచ్చి కూకున్నాడు" అంటూ. భవనాలు పూర్తయ్యేదాకా ప్రతి ఏడూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు.

తర్వాత గోడ వచ్చింది. గోడ వచ్చాక గేటు వచ్చింది. గేటు దగ్గర యూనిఫారం వేసుకుని మా ఊరి కుర్రాళ్ళే నిలబడ్డారు. ఊరికి ఇస్తామన్న ఉద్యోగాలు అవే. మా మేనత్త కొడుకు మొదటిరోజు అయ్యని ఆపి ఐడీ కార్డు చూపించమన్నాడు. అయ్య వాణ్ణి కింది నుంచి పైకి చూసి, "నువ్వు బట్టల్లేకండా గెడ్డలో ఈత కొట్టినప్పుడు నాను అడిగినానేట్రా కార్డు?" అన్నాడు. వాడు సిగ్గుపడి గేటు తీశాడు. అప్పటికి ఇవన్నీ నవ్వుకునే విషయాలే.

నాకు అక్కడే కాంట్రాక్టు మీద అధ్యాపకురాలి ఉద్యోగం వచ్చింది. హాస్టలు పిల్లల బాధ్యత కూడా అప్పజెప్పారు కాబట్టి లోపల క్వార్టర్సులోనే ఉండాలన్నారు. నా కిటికీలోంచి చూస్తే మా ఇంటి కప్పు కనిపించేది. అమ్మ బట్టలు ఆరేస్తుంటే ఏ చీర ఆరేస్తోందో చెప్పగలిగేదాన్ని. కానీ పాత బాటని గోడ కోసేసింది, ఇంటికి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి రావాలి.

మెస్సులో ఆవిరితో వండటానికి కట్టెల బాయిలరు పెట్టారు. దాని గొట్టం గోడ కంటే ఎత్తు. మొదటిసారి వెలిగించిన రోజు పొగ నేరుగా మా ఊరి మీదికి వచ్చింది. అయ్య పొలంలో నాగలి ఆపి చాలాసేపు అటే చూశాడట. ఇంటికొచ్చి అమ్మతో, "పొగ లేసింది" అన్నాడట, మనవడు పుట్టాడని చెప్పినంత సంతోషంగా.

ఆ ఎండాకాలం మొదట్లో ప్రాంగణం ప్రారంభోత్సవం చేశారు. మావాళ్ళ చేత థింసా ఆడించారు. అయ్యని వేదిక మీదికి పిలిచి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. వేదిక మీద ఉన్న అందరికీ గ్లాసుల్లో మామిడి రసం ఇచ్చారు. ఎక్కడో కింద మైదానాల నుంచి తెప్పించిన కాయలు. అప్పటికి మా ఊళ్ళో కొత్త ఇంకా కాలేదు. అయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఉపన్యాసాలన్నీ అయ్యేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్న మా విశ్వవిద్యాలయం పెద్ద అధికారి గటగటా తాగి గ్లాసు కింద పెట్టేశారు. వేదిక దిగాక అయ్య గ్లాసు నా చేతికిచ్చి, "ఆల్లకి తెలీదమ్మా. మనతో ఒకసారి కూకుంతే తెలుత్తాది" అన్నాడు. వెళ్ళేముందు ఆ అధికారి దగ్గరికి వెళ్ళి మళ్ళీ పిలిచాడు. ఆయన అయ్య భుజం మీద చెయ్యి వేసి, వస్తాం పెద్దాయనా అన్నారు.

దిసారి రోజు చెప్పాడు. బారిక గేటు దగ్గరికి వచ్చి పిలిచాడు. ఎవరిని పిలుస్తున్నావు, ఏ విభాగం అని అడిగారట. పొయ్యిని పిలుస్తున్నానని ఎలా చెబుతాడు పాపం? తిరిగొచ్చేశాడు. అయ్య నాకు కబురు పెట్టాడు. నేను ఆఫీసుకి వెళ్ళాను.

పెద్ద అధికారి చెడ్డమనిషి కాదు. నేను చెప్పినదంతా విని ఆయన మొహం వెలిగిపోయింది. "అద్భుతం. మనం దీన్ని పెద్దగా చేద్దాం. గిరిజన ఆహార ఉత్సవం. ఊరివాళ్ళందరినీ మన ఆడిటోరియానికే పిలుద్దాం. ఫ్లెక్సీ వేయిద్దాం. కమిటీ వేసి తేదీ చూస్తాను" అన్నారు.

"ఉత్సవం వద్దు సార్. ఎవరో ఒకరు వచ్చి కాసేపు నేల మీద కూర్చుని ఒక ముక్క తినాలి, అంతే."

"అంతేనా? ఇంత చిన్న పనికి కంగారెందుకమ్మా? వచ్చే వారం చూద్దాం."

వచ్చే వారం తనిఖీ బృందం వచ్చింది. ఆ తర్వాతి వారం పరీక్షలు. మెస్సు వంటమనిషినైనా పంపండి సార్ అన్నాను. అతను కాంట్రాక్టరు మనిషి, బయట ఏమైనా అయితే బాధ్యత ఎవరిదన్నారు. ఇంతలో సెలవులిచ్చేశారు. మెస్సు పొయ్యి ఆరిపోయింది, అందరూ ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. పెద్ద అధికారి ఢిల్లీ వెళ్ళారు.

పొగ లేవట్లేదు కదా, ఇక ఆ పొయ్యి లెక్కలోకి రాదు, కొత్త కానిచ్చేద్దామన్నాడు దిసారి. అయ్య ఒప్పుకోలేదు. "పురుటికెల్లిన బావ కోసం ఆగినామా లేదా? అప్పుడు ఆల పొయ్యి మీద పొగుందేటి? ఊరెల్లినోల్ల కోసం ఆగాల" అన్నాడు. ఒకసారి ఊరంతా పాటించిందే కదా, ఎవరూ కాదనలేకపోయారు.

నేనే వెళ్ళి అందరి ముందూ అడిగాను, మెస్సు తరఫున నేను కూర్చుంటాను అయ్యా, నేనూ అక్కడి మనిషినే కదా అని. అయ్య నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు నా ఇంటి గుంటవి. నా పొయ్యి కాడ పెరిగినదానివి. పరాయి పొయ్యి తరుపున ఎలగ కూకుంతావు?" అన్నాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఆ మాట నాకు ఎంత ముద్దుగా వినిపించిందో.

తోపులో కాయలు ముగ్గి రాలడం మొదలుపెట్టాయి. పులిసిన వాసన ఊళ్ళోకి వచ్చేది. గబ్బిలాలు తిన్నాయి, చీమలు తిన్నాయి, పశువులు తిన్నాయి. మనుషులే తినలేదు. ఆ రోజుల్లో ఇళ్ళల్లో పాత గింజలు అడుగంటుతాయి. మామిడి పండూ, టెంక లోపలి జీడి దంచి కాచిన అంబలీ మాకు సరదా తిండి కాదు, వానలొచ్చేదాకా లాక్కొచ్చే తిండి. పిల్లలు దొంగతనంగా తిని మూతి తుడుచుకుని వచ్చేవాళ్ళు. మూతి చుట్టూ సొన తగిలిన పుళ్ళు కనిపిస్తూనే ఉండేవి. అయ్య చూసీ చూడనట్టు మొహం తిప్పుకునేవాడు.

చిన్నాన్న వచ్చి వాకిట్లో నిలబడి అడిగేశాడు. "ఆల్లు రారు. నీకూ తెలుసు. ఎవుర్ని పస్తులు పెట్టడానికిది?"

అయ్య లేచి గుమ్మంలోకి వచ్చాడు. "మీరు తినీండి. పిల్లల్ని ఏడిపించకండి. భూములిచ్చినప్పుడు ఆల్లు వత్తారని మాటిచ్చింది నాను. నాను ఆగుతాను" అన్నాడు.

ఊరు తిన్నది. డప్పు లేదు, సన్నాయి లేదు. రాయి ముందు గబగబా కూర్చుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా తిని లేచారు. నా జన్మలో అంత నిశ్శబ్దంగా జరిగిన కొత్త చూడలేదు.

అప్పటికే అయ్యకి జ్వరం తగిలింది. విడిచి విడిచి వచ్చేది. అరకు ఆసుపత్రిలో చూపించాం, మందులిచ్చారు, పళ్ళు పెట్టమన్నారు. అయ్యకి ఏదీ సహించేది కాదు. నోరు చేదుగా ఉందనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం కళ్ళు మూసుకునే, "మన తోపులో వాగు ఒడ్డు సెట్టు కాసిందా?" అని అడిగాడు. ఆ చెట్టు కాయంటే ఆయనకి ప్రాణం. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి పండు తెచ్చి, కోసి, ముక్క నోటి దగ్గర పెట్టాను.

వాసన పీల్చాడు. చిన్నప్పుడు మేం చేసినట్టే, ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. కళ్ళు తెరిచి, "ఆల్లు వచ్చినారా?" అన్నాడు.

అబద్ధం చెప్పి ఉండాల్సింది అంటుంది అమ్మ. నేను అది అల్లేలోపే నా మొహంలోనే ఆయన చదువుకున్నాడు. ముక్క నా చేతిలోనే పెట్టి నా వేళ్ళు మూసేశాడు. "సెలవులు గదా. వత్తారులే. బడి తెరిసినాక వత్తారు" అన్నాడు.

మొదటి వానలకే అయ్య పోయాడు. తోపులో కాయలన్నీ అయిపోయాయి. ఆ ఏడు ఆయన మామిడి రుచి చూడలేదు. దీన్ని నేను ఎంత మంది దగ్గర చెప్పుకుని ఏడ్చినా తరగట్లేదు. జ్వరంతో పోయాడని అందరూ అంటారు. నిజమే. కానీ చివరి రోజుల్లో ఆయన నోట్లో ఉన్న చేదు ఒక్క జ్వరానిదే కాదు.

బడి తెరిచాక వాళ్ళు వచ్చారు. పెద్దకర్మకి దండ పట్టుకుని పెద్ద అధికారీ, విభాగాల వాళ్ళూ ఇంటికి వచ్చారు. అందరికీ కుర్చీలు వేశాం. కాసేపు కూర్చుని, నన్ను పక్కకి పిలిచి, "ఇంత సీరియస్ విషయమని అనుకోలేదమ్మా. గట్టిగా చెప్పి ఉంటే నేనే వచ్చేవాణ్ణి" అన్నారు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. చెప్పాను సార్ అన్నాను. అయ్య ఫోటో పెద్దది చేయించి మా పరిపాలనా భవనం వరండాలో పెట్టారు, భూదాత అని కింద రాయించి. రోజూ దాని ముందు నుంచే నేను క్లాసుకి వెళ్ళాలి.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. అయ్య పోయిన తర్వాత చిన్నాన్న ఊరి పెద్ద అయ్యాడు. మామిడి కొత్త ఎప్పుడో నాకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ ఇంటి నుంచే కబురొస్తుంది కాబట్టి నేనూ అడగలేదు. ఒకరోజు పొద్దున క్లాసుకి తయారవుతుంటే గోడ అవతల నుంచి డప్పులు వినిపించాయి. సన్నాయి వినిపించింది. పుస్తకాలు మంచం మీద పడేసి, గేటు దాటి, గోడ చుట్టూ పరిగెత్తాను. ఈసారి నేను కూర్చుంటే చాలు, అయ్య పేరున వేసిన ఆకు పక్కన కూర్చుంటే చాలు అనుకుంటూ పరిగెత్తాను.

తోపులో ఊరంతా వరసలో ఉంది. ప్రార్థన వాళ్ళు, పాస్టరు గారు, టీ కొట్టు బావ, మా మేనత్త. మధ్యలో అమ్మ. అమ్మ పక్కన ఎవరూ కూర్చోని ఒక ఆకు, దాని మీద ఒక ముక్క. వాగు ఒడ్డు చెట్టుదే అని రంగు చూస్తే తెలిసింది. నేను వెళ్ళి ఆ ఆకు పక్కన కూర్చోబోయాను.

"అక్కడ కాదమ్మా" అన్నాడు చిన్నాన్న.

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు. "హద్దు మార్సీసినాం. గోడ కాడికి రాయి పాతీసినాం. ఆలది మనూరు కాదింక. లేకపోతే ఏడాదేడాదీ ఆగాల గదా. మీ అయ్యలాగ ఇంకెవురూ ఆగి ఆగి పోకూడదు."

"మంచి పని చేశారు. నేనెవరిని మరి?"

"నీ పొయ్యి గోడ అవతలుంది గదమ్మా."

"అయ్య నన్ను ఇంటి గుంట అన్నాడు. మీరందరూ విన్నారు."

"అన్నాడు. మీ అయ్య లేడు గదా ఇప్పుడు." చిన్నాన్న కసితో అనలేదు. అని ఉంటే నేను పోట్లాడేదాన్ని. "నువ్వు ఈ వరసలో కూకుంతే ఆ పొయ్యి మల్లీ లెక్కలోకి వత్తాది. దాంతో పాటు ఆల్లందరూ వత్తారు. మల్లీ పిలవాల, మల్లీ ఆగాల. మావల్ల కాదమ్మా."

అమ్మ వైపు చూశాను. అమ్మ తన విస్తరి వైపు చూసుకుంటోంది. నేను రేపే వచ్చి ఇంట్లో ఉంటానని అందామనుకున్నాను. హాస్టల్లో నా మీద ఆధారపడ్డ పిల్లలు ఉన్నారు, వాళ్ళూ ఇలాంటి ఊళ్ళ నుంచే వచ్చారు. ఆ మాట ఇవ్వలేకపోయాను. వీళ్ళ మీద కోప్పడాలో, వాళ్ళ మీద కోప్పడాలో కూడా తెలియక అలా నిలబడిపోయాను.

టీ కొట్టు బావ వరసలోంచి లేచాడు. తన కొట్టులోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, చెట్టు నీడ చూసి వేశాడు. "కూకో అమ్మా, ఎండగా ఉంది" అన్నాడు. మా ఊరికి వచ్చిన చుట్టాలకీ, అధికారులకీ అలాగే కుర్చీ వేస్తాం. వరస తినడం అయ్యాక వాళ్ళకి మంచి ముక్కలు ఏరి పెడతాం. నేనూ చిన్నప్పటి నుంచీ ఎంతో మందికి అలాగే పెట్టాను.

కూర్చున్నాను. వరస తిని లేచింది. అమ్మ అడ్డాకులో ముక్కలు పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "తిను" అంది. నా మొహం చూడలేదు. నేను తింటుంటే ఆవిడ చెయ్యి ఒకసారి నా తల మీద ఆగి, వెళ్ళిపోయింది.

అయ్యకి నేల మీద, అందరి మధ్యా ఆకు వేశారు. నాకు నీడలో కుర్చీ వేశారు. మామిడి ముక్క తియ్యగానే ఉంది. గోడ అవతల మెస్సు గొట్టం నుంచి ఎప్పటిలాగే పొగ లేస్తోంది. తోపులో ఎవరూ తలెత్తి అటు చూడలేదు.